నీళ్ళ పళ్ళెంలో వెలుగు

కోడలు పళ్ళేన్ని రుద్దుతోంది. అప్పటికే తళతళలాడుతున్నా, అంచు దగ్గర చిన్న మరక కనపడితే దాని మీద పడింది.

“తినే కంచాలు వదిలేసి, ఎవరూ తినని పళ్ళేనికెందుకే అంత ముస్తాబు?” కూరగాయలు తరుగుతూ అంది అత్తగారు.

“ఇది కెమెరా కంచం అత్తయ్యా.”

“మొగుడి కంచానికి లేని భోగం!”

“ఆయన ఇంట్లో ఉంటేగా, కంచం పెట్టడానికి.”

అత్తగారు నవ్వబోయి, ఇంకో వంకాయ అందుకుంది.

భర్త పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. ముహూర్తాల రోజుల్లో ఇల్లు అతనికి బట్టలు మార్చుకునే గది. అతను తెచ్చినదాన్ని కంప్యూటర్లో కత్తిరించి, అతికించి, డిస్కు చేసేది ఈమె. డిస్కు పెట్టగానే పెళ్ళి మొదలవదు. ముందు ‘పెళ్ళి’, ‘విందు’, ‘ఫోటోలు’ అని టీవీ తెర మీద ఒక పేజీ వస్తుంది. రిమోట్ నొక్కేదాకా అది అలాగే నిలబడి ఉంటుంది. ఆ అక్షరాల వెనక కదిలే బంగారు వెలుగు ఆమె చేతి పని. కిటికీకి దుప్పటి కట్టి, పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి, పసుపు కాగితం చుట్టిన టార్చిని చుట్టూ మెల్లగా తిప్పుతుంది. పైనుంచి కెమెరా నీళ్ళనే చూస్తుంటుంది. ఆ ఒక్క చుట్టే పేజీ వెనక మళ్ళీ మళ్ళీ ఆడుతుంది కనక, వెలుగు బయల్దేరిన చోటికే తిరిగి చేరాలి. కాస్త తేడా వచ్చినా, పేజీ మళ్ళీ మొదలైనప్పుడల్లా తెరకు ఎక్కిళ్ళు పట్టినట్టుంటుంది.

అతను దాన్ని ఒక్కనాడూ చూడలేదు. సరిచూడ్డానికి కూర్చున్నా, పేజీ రాగానే టక్కున నొక్కేసేవాడు. “బాగుందా అండీ?” అంటే, “ఏది?” అనేవాడు. ఆ ‘ఏది’ ఆమెకు గొంతులో ముల్లు. వెలుగు ఒక్క చుట్టు తిరిగేంతసేపు పక్కన కూర్చుంటే చాలుననుకునేది. అది అడిగి తెప్పించుకునేది కాదని అడగలేదు.

ఆ సాయంత్రం అతను డిస్కు పట్టుకుని విసురుగా వచ్చాడు.

“పెళ్ళివారు ఒకటే ఫోన్లు! డిస్కులో ఎవరో ఆవిడ ఉందట. మీవాళ్ళంటే మీవాళ్ళని రెండు వైపులా తగువులాడుకుంటున్నారు.”

డిస్కు పెట్టాడు. బంగారు అలల మధ్య ఒక ముఖం తొంగిచూసింది. జుట్టు చెదిరి, ఎవరి రాక కోసమో చూస్తున్నట్టు ఉండి, అంతలోనే కరిగిపోయింది.

“నువ్వా!”

ఆమెకు తల కొట్టేసినట్టయింది. వెలుగు చోటికి చేరిందో లేదోనని వంగి ఉంటుంది. అద్దంలా తోమిన పళ్ళెం ఆ ముఖాన్ని కెమెరాకు పట్టివ్వకుండా ఊరుకుంటుందా?

“పిలవని పెళ్ళికి వెళ్ళొచ్చావటే!” అత్తగారు కడుపు పట్టుకుని నవ్వింది.

“ఇప్పుడే మళ్ళీ తీసిస్తాను,” అంటూ కోడలు కిటికీకి దుప్పటి కట్టి, నీళ్ళు పోసి, కెమెరా సర్దింది.

రిమోట్ అతని చేతిలోనే ఉంది. నొక్కలేదు. ముఖం మళ్ళీ వచ్చింది, కరిగింది. మళ్ళీ వచ్చింది.

“ఈ వెలుగంతా నువ్వే చేస్తావా?”

“ఇంకెవరు చేస్తారు?”

“కంప్యూటర్లోనే ఉంటుందనుకున్నా.”

బయట వ్యాను హారన్ మోగింది. ఆ రాత్రి పెళ్ళికి వెళ్ళాల్సినవాళ్ళు వచ్చేశారు. అతను గుమ్మం వైపు చూశాడు.

“ఒక్క చుట్టు... పళ్ళెం కదలకుండా పట్టుకుంటారా?” ఆమె గొంతు ఆమెకే వినపడలేదు.

“ఆలస్యమైపోతుందే,” అంటూనే అతను నేల మీద కూర్చుని అంచులు పట్టుకున్నాడు.

ఆమె టార్చి వెలిగించింది. నీళ్ళలో బంగారు తీగ సాగింది. చుట్టు సగంలో ఉండగా హారన్ గట్టిగా మోగింది. అతని చేతులు ఉలిక్కిపడ్డాయి. తీగ ముక్కలైంది.

“కదిపారు. మళ్ళీ మొదటినుంచి.”

“కానివ్వు,” అన్నాడతను, నీళ్ళ మీంచి కళ్ళు తిప్పకుండా.

వ్యాను ఆగకుండా మోగుతూనే ఉంది. అత్తగారు కత్తి పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, వెలుతురు లోపలికి రాకుండా తలుపు తన వెనకే దగ్గరగా వేసి, హారన్ ఆపించడానికి వ్యాను వైపు వెళ్ళింది.