ఆశ్చి అన్న మాట

త్యాగరాజు గారికి చూపు బాగా మందగించాక, ఆయన రాసుకున్న నోటుపుస్తకాన్ని ఆయనకే చదివి వినిపించే పని నా మీద పడింది. సాల్ట్ లేక్‌లో వాళ్ళింట్లో నేను వంటమనిషిని. మనవడు ప్రణవ్‌కి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. నేను మాత్రం బడికి వెళ్ళానా? గార్డెన్ రీచ్‌లో ఉండగా ఊరి నుంచి వచ్చే ఉత్తరాలు మా ఆయన గవరయ్య చదివేవాడు. ఓడరేవు డాక్‌లో కూలి. ఒకరోజు సరుకుల పడవ, బార్జి మీద హల్దియా వెళ్ళి మరి రాలేదు. బార్జి మునిగిందన్నారు, శవం దొరకలేదు. ఆ తర్వాత పాత ఉత్తరాల మీదే వేలు పెట్టుకుని అక్షరాలు నేర్చుకున్నాను.

"సంత్రాగాఛి లోకల్ రైల్లా అక్షరం అక్షరానికీ ఆగుతావేమిటి, కాసులమ్మా?" అనేవారు త్యాగరాజు గారు.

"ఆగినా దిగాల్సిన సోట దింపుతాది గదేటి, బాబూ!"

ఆయన పాతికేళ్ళ వయసులో డెబ్భై ఒకటి యుద్ధంలో ఫైటర్ విమానం నడిపారు. పతకం వచ్చింది. చివరికి ఎయిర్ మార్షల్ అయ్యారు, వేలమంది ఆయన కింద పనిచేశారు. అంత హోదాలోనూ, పొద్దున ఎగిరిన ఆఖరి విమానం దిగిందని కబురు వచ్చేదాకా అన్నం ముట్టేవారు కాదని పుస్తకంలో ఉంది. ఎందుకో మాత్రం రాయలేదు. యుద్ధం దగ్గర ఒక పేజీ ఖాళీగా వదిలేశారు.

మొన్న వాన పడుతున్న మధ్యాహ్నం అడిగేశాను.

"ఈ కాయితం కాళీగా ఉంది బాబూ. ఏటి రాద్దారనుకున్నారు?"

ఆయన పుస్తకం అందుకుని ఆ పేజీని వేళ్ళతో తడిమారు.

"మృత్యుంజయ అని బెంగాలీ కుర్రాడు. నాతో జంటగా ఎగిరేవాడు. తిరిగి వస్తుంటే వాడి విమానానికి దెబ్బ తగిలింది. పొగలో కనబడకుండా పోయాడు. రేడియోలో 'ఆశ్చి, దాదా' అన్నాడు, అంతే. నా ఫ్యూయల్ అయిపోవచ్చింది. వచ్చేశాను. దిగాక ఒక బెంగాలీ మెకానిక్‌ని ఆ మాటకి అర్థం అడిగాను. 'వస్తున్నాను' అని అర్థమట. వస్తున్నానన్న వాణ్ణి ఆగకుండా వదిలేసి వచ్చాను, కాసులమ్మా. నాకేమో పతకమిచ్చారు."

యాభై ఏళ్ళుగా ఈ బెంగాలీ ఊళ్ళో ఆ మాట వింటున్నాను. ఎవరైనా పిలిస్తే 'వస్తున్నా' అనడానికీ అదే, గుమ్మం దాటుతూ సెలవు తీసుకోవడానికీ అదే. ఆ కుర్రాడు ఏ అర్థంలో అన్నాడో నాకేం తెలుసు? తెలియనిది చెబితే పాపం కదా. చెప్పకపోతే ఈయన ఈ బరువుతోనే పోతారు.

"బాబూ, ఇంట్లోంచి ఎల్తా మనం ఏటంటాం?"

"వస్తానంటాం."

"ఆళ్ళూ అంతే. ఆశ్చి అంటే సెలవని. నాను ఎల్తన్నాను, మీరెల్లిపోండి అన్నాడు. ఆగమన్లేదు."

ఆయన నా వైపు వంగారు.

"సెలవా?"

"సెలవే, బాబూ."

కళ్ళజోడు తీశారు. కళ్ళు తుడుచుకోలేదు, జోడు ఊరికే పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి, "ఆ పేజీలో రాయి. నీ చేత్తోనే," అన్నారు.

'మృత్యుంజయ సెలవు తీసుకున్నాడు' అని రాశాను. నా అక్షరాలు పేజీలో కిందికి జారిపోయాయి. చదివి వినిపించమన్నారు. వినిపించాను. మళ్ళీ వినిపించమన్నారు. యాభై ఏళ్ళ బరువు దించుకున్న మనిషిలా వెనక్కి వాలారు.

"మీ గవరయ్య వెళ్తూ ఏమన్నాడు, కాసులమ్మా?"

"వొస్తానే అన్నాడు, బాబూ."

"అయితే అదీ సెలవే," అన్నారు ఎంతో మెల్లగా. నన్ను ఓదార్చాలనే.

నేను పెన్నుకి మూత పెట్టాను.

"కాదు బాబూ. మావ వొస్తాననే అన్నాడు."