బొమ్మలు కునుకు తీస్తున్నాయి

ఆ వినోదాల పార్కులో అందరూ ఆమెను తేనెమ్మ అంటారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి కూడా గుర్తులేదు. పార్కుకి ఎవరు ఫోన్ చేసినా మొదట వినిపించే గొంతు ఆమెదే. రంగులరాట్నం దగ్గర "బుజ్జాయిలూ, గట్టిగా పట్టుకోండి" అనేదీ ఆమే, తప్పిపోయిన పిల్లాడి తల్లిని మైకులో పిలిచేదీ ఆమే. తేనె గొంతులోనే. మనిషిని కదిపితే మాత్రం ఎండుమిరపకాయ ఘాటు. టికెట్ కిటికీల వెనక, బయటి చప్పుడు రాకుండా గోడలకు పాత పరుపులు దిగ్గొట్టిన చిన్న గదిలో కూర్చుని, మైకు ఆపగానే వచ్చిన జనాన్నందరినీ వరసపెట్టి తిట్టుకునేది. డబ్బులిచ్చి మరీ తలకిందులుగా వేలాడి, కిందికి దిగి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని మళ్లీ అదే వరసలో నిలబడే మనుషుల మీద ఆమెకు ఏనాడూ గౌరవం లేదు.

అంతకంటే లోకువ ఆమెకు తన పైఅధికారి. అతన్ని పళ్ల సారు అంటారు, ఎప్పుడు చూసినా ముప్పైరెండూ బయటే ఉంటాయి కాబట్టి. ఆ పార్కులో ఒక గొప్ప నియమం పెట్టిన మహానుభావుడు అతను. వచ్చిన అతిథికి 'లేదు' అని చెప్పకూడదు. 'కుదరదు' అనకూడదు, 'మూసేశాం' అసలే అనకూడదు. ఐస్‌క్రీం అయిపోతే "కొత్త ఐస్‌క్రీం మీ కోసం బయల్దేరింది" అనాలి. జెయింట్ వీల్ చెడిపోతే "చక్రంగారు ఊపిరి పీల్చుకుంటున్నారు" అనాలి. మరుగుదొడ్లలో నీళ్లు రాకపోతే ఏమనాలో మాత్రం సారు చెప్పలేదు, అది లోపలికి వెళ్లినవాళ్లే గట్టిగా అనేవాళ్లు. నోరు జారి 'లేదు' అన్న ఉద్యోగికి ఆ వారమంతా ఎలుగుబంటి వేషం. మండుటెండలో ఆ బొచ్చు తొడుక్కుని పిల్లల చేత తన్నించుకోవాలి. తేనెమ్మ చేరిన కొత్తలో రెండుసార్లు ఎలుగుబంటి అయింది. ఆ దెబ్బకి ఆ మాట ఆమె నోట్లోంచి శాశ్వతంగా ఎగిరిపోయింది.

పార్కులోనే ఎగిరిపోయి ఉంటే గొడవ లేకపోయేది. ఇంట్లోనూ ఎగిరిపోయింది. అక్కకీ ఆమెకీ మాటలు ఆగిపోయింది అక్కడే.

అక్క వేరే ఊళ్లో బడి వ్యాను నడుపుతుంది. ఉన్నమాట మొహం మీదే అనేసే మనిషి. కడుపులో రాళ్లకి ఆపరేషన్ అన్నప్పుడు, పిల్లల్ని చూసుకోడానికి వస్తావా అని చెల్లెల్ని అడిగింది. సెలవు దొరకదని తేనెమ్మకి ముందే తెలుసు. అయినా "తప్పకుండా చూద్దాం అక్కా, వీలు చూసుకుంటా" అంది, అదీ తేనె ఒలకబోస్తూ. అక్క ఆస్పత్రి మంచమ్మీద గుమ్మం వైపే చూస్తూ పడుకుంది. పిల్లలు ఎవరెవరి ఇళ్లలోనో తిన్నారు. తర్వాత అక్క ఒక్కటే మాట అంది. "రానని చెప్పి ఉంటే ఇంకొకళ్లని పిలుచుకునేదాన్ని కదే. నీ గొంతు నమ్ముకుంటే నట్టేట మునగడమే."

ఆ మాట తేనెమ్మ గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. ఊరు ఊరంతా నమ్మే గొంతుని సొంత అక్క నమ్మకపోతే ఎలా? అందుకే ఉద్యోగులకి ఇచ్చే ఉచిత పాసులు వాడకుండా దాచి, అక్కకీ పిల్లలకీ పంపింది. నేరుగా కాదు, బావ ద్వారా. ఇద్దరి మధ్యా రాయబారి బావే. నోట్లో నాలుక లేని మనిషి. ఇటునుంచి ఎంత కారం పంపినా, అటు చెవిలో వేసేసరికి దాన్ని పాకం పట్టి ఇచ్చేవాడు. "ఈ ఒక్కసారికి నన్ను నమ్మి రమ్మను బావా" అని ఆమె అడిగింది. సెలవులు ఇవ్వగానే వస్తుందట అని బావ కబురు చెప్పాడు. ఆ రోజు తేనెమ్మ మైకు ఆపేశాక కూడా ఎవర్నీ తిట్టలేదు.

అంతలో ఆ మాయరోగం ఊళ్ల మీద పడింది. బళ్లు మూశారు, సినిమాహాళ్లు మూశారు, పార్కులు మూసెయ్యమని హుకుం వచ్చింది. పళ్ల సారు ఆ కాగితం చదివి, ఉద్యోగులందరికీ మాస్కులు పంచాడు. ఆ మాస్కుల మీద నవ్వుతున్న పళ్లు అచ్చువేయించాడు. నోళ్లు మూసుకున్నా పళ్లు మాత్రం దాచకూడదన్నమాట. అది కట్టుకుని అతను ఎదురొస్తుంటే తేనెమ్మకి ఒళ్లు మండిపోయింది.

ఫోన్లో వినిపించే మాటలు మార్చాలని ఆమె చేతికి ఓ చీటీ ఇచ్చాడు. "నమస్కారం! మన బొమ్మలు అలసిపోయి కాస్త కునుకు తీస్తున్నాయి. మీరు వచ్చేసరికి లేపి ఉంచుతాం. మీ కోసం ఎదురుచూస్తూ ఉంటాం!"

"సారూ, మూసేశాం అని ఒక్క ముక్క చెప్తే సరిపోతుంది కదా?"

"ఛఛ, ఆ మాట మన నోట రాకూడదమ్మా. మన పార్కు మూతపడదు. కునుకు తీస్తుంది, అంతే."

కునుకట! తేనెమ్మ ఆ చీటీని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, గదిలోకి వెళ్లి, ఎంత అసహ్యించుకుంటూ చదివిందో అంత తియ్యగా చదివింది. "మీ కోసం ఎదురుచూస్తూ" అన్నచోట పళ్ల సారుకి కళ్లు చెమర్చాయి. బయటికొచ్చి గేటు కాసే తాతతో అంది. "టీవీలన్నీ కోడై కూస్తున్నాయి. ఇంకా ఇది విని ఎవడైనా బండెక్కాడంటే వాడు భూమికి భారమే తాతా."

తాత తల గీరుకున్నాడు. "అందరూ నీ అంత తెలివైనోళ్లు ఉంటారా తల్లీ."

ఆ రోజు సాయంత్రం బావకి కబురు పెట్టాలని కూర్చుంది. 'అక్కని రావద్దని చెప్పు' అని ఫోన్లో కొట్టి, దానివంకే చూస్తూ ఉండిపోయింది. పాసులు తనే పంపి, తనే రావద్దంటే అక్క ఏమంటుంది? చూశావా, మళ్లీ అదే బుద్ధి అంటుంది. చెరిపేసింది. మళ్లీ కొట్టింది, మళ్లీ చెరిపింది. చివరికి పంపింది ఇది: 'బావా, ఇక్కడ పరిస్థితులు కాస్త అటూఇటూగా ఉన్నాయి. రావడం, మానడం అక్క వీలు. నేను మాత్రం ఎదురుచూస్తూ ఉంటాను.' పంపాక, చెప్పాల్సింది చెప్పేశానని హాయిగా నిద్రపోయింది. అది చదివిన బావ, పరిస్థితుల సంగతి మింగేసి, ఎదురుచూస్తోందన్న ముక్క మాత్రం భార్య చెవిన వేశాడు.

రెండు రోజులు గడిచాయి. పొద్దున్నే పార్కులో ఆమె గది ఫోన్ మోగింది. గేటు తాత.

"తల్లీ, ఒకసారి రా. జనం వచ్చేశారు. తెరిచి లేదని చెప్పనా అంటే సారు వద్దన్నాడు. నీళ్లు నమలలేక చస్తున్నాను."

తేనెమ్మ విసవిసా నడిచి వెళ్లింది. గేటు అవతల పెట్టెలూ సంచులూ పట్టుకుని మనుషులు. ఒకే రంగు టోపీలు పెట్టుకున్న గుంపొకటి. కొత్తగా పెళ్లయిన జంటొకటి, ఈ పరిస్థితిలోనూ చెయ్యీ చెయ్యీ వదలకుండా. ఒక ముసలాయన, పక్కన ఊపిరి అందక మెట్టు మీద కూలబడ్డ ఆయన భార్య. వాళ్లను చూడగానే ఆమెకు తిక్కరేగింది.

"బుద్ధుండక్కర్లేదా మీకు? ఊళ్లకి ఊళ్లు తలుపులు బిగించుకుని కూర్చుంటే, పెట్టెలు సర్దుకుని బొమ్మలు చూడ్డానికి వస్తారా?"

గేటు అవతల అందరూ ఆమె వంక కాదు, ఆమె నోటి వంక చూశారు.

"ఈ గొంతే!" అంది టోపీల గుంపులో ఒకావిడ. "ఫోన్లో రమ్మన్నది ఈవిడే!"

"అవునమ్మా" అన్నాడు ముసలాయన శాంతంగా. "మేం వచ్చేసరికి లేపి ఉంచుతానన్నావు కదా. లేపు మరి."

తేనెమ్మ ఏదో అనబోయింది. కానీ అప్పటికే గుంపు వెనక పెట్టె మీద కూర్చున్న మనిషి కనబడింది. అక్క. రెండు పక్కలా పిల్లలు, ఒకడు నిద్రలో తూగుతున్నాడు. కాళ్లు వాచి చెప్పులు విప్పేసింది. తేనెమ్మకి తల కొట్టేసినట్టయింది. తాత చేత పక్క తలుపు తీయించుకుని బయటికి పరిగెత్తింది.

"అక్కా... ఎందుకొచ్చావు?"

"ఎందుకొచ్చానా? బస్టాండులో టికెట్లిచ్చేవాడు పార్కు మూసేశారమ్మా, వెళ్లకండి అన్నాడు. వాడితో పోట్లాడాను. ఫోన్ చేసి నీ గొంతు వినిపించాను. మా చెల్లెలు అక్కడే పనిచేస్తుంది, దానికంటే నీకెక్కువ తెలుసా అన్నాను." అక్క టోపీల గుంపు వైపు చెయ్యి చూపించింది. "వెనక్కి పోదామనుకుంటున్న వాళ్లు కూడా నా మాట విని బస్సెక్కారు. ఇదిగో, వాళ్లే."

"అది రికార్డింగ్ అక్కా. సారు రాసిచ్చింది."

"చదివిందెవరు?"

తేనెమ్మ వంగి అక్క చెప్పులు సర్దబోయింది.

"పోనీ, మీ బావకి పంపింది కూడా మీ సారే రాసిచ్చాడా?"

ఇన్నాళ్లూ ఆ పళ్ల మనిషిని చూసి చీదరించుకుంది. తన నోట్లో ఉన్నవీ అవే పళ్లని ఇప్పుడు తెలిసింది. తన మీద తనకే ఛీ అనిపించింది.

అంతలో పళ్ల సారు రానే వచ్చాడు, చేతినిండా రంగురంగుల బుడగలతో. "అతిథులకు స్వాగతం! తలా ఒక బుడగ తీసుకోండి!"

"పార్కు తెరుస్తారా, లేదా?" అని కొత్త పెళ్లికొడుకు అరిచాడు.

"తెరవడం, మూయడం అన్నీ మన మనసులో ఉంటాయి సార్" అన్నాడు అతను.

తాత తన కాపలా గదిలోంచి బయటికొచ్చి తేనెమ్మ చెవిలో గొణిగాడు. రేడియోలో చెప్పారట, మధ్యాహ్నం నుంచి బస్సులన్నీ బంద్. తేనెమ్మ సారు దగ్గరికి గబగబా వెళ్లింది.

"సారూ, బస్సులు ఆగిపోతున్నాయట. ఆ సంగతి వీళ్లకి చెప్పాలి. ఆ ముసలావిడ నడవలేదు. లోపల అతిథుల గదులు ఖాళీగానే ఉన్నాయి కదా, వాళ్లిద్దరినైనా ఉండనిద్దాం."

"తప్పకుండా చూద్దాం" అన్నాడు పళ్ల సారు, బుడగల దారాలు సర్దుకుంటూ. "వీలు చూసుకుందాం."

ఆ మాట ఆమెకు తెలుసు. ఆ మాటే నమ్మి అక్క ఆస్పత్రి మంచమ్మీద ఎదురుచూసింది.

ఇంకేమీ అనకుండా తన గదికి వెళ్లి, లోపల గడియ పెట్టి, పార్కు మైకులన్నీ వేసి, ఫోన్ యంత్రాన్నీ రికార్డింగులో పెట్టింది. నోరు తెరిచింది గానీ ఆ మాట రాలేదు. గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు దగ్గింది, మంచినీళ్లు తాగింది, మళ్లీ తెరిచింది.

"పార్కు మూసేశాం. తెరిచి లేదు. ఎప్పుడు తెరుస్తామో తెలీదు. ఎవరూ రావద్దు. గేటు దగ్గరున్నవాళ్లూ, మధ్యాహ్నం నుంచి బస్సులు లేవు, ఇప్పుడే బస్టాండుకి పరిగెత్తండి. తాతా, ఆ ముసలాళ్లని ఆటో ఎక్కించు. నిన్నటిదాకా రమ్మన్నది నేనే. అది అబద్ధం."

తేనె లేదు, పాకం లేదు. బొంగురు గొంతు. తలుపు దబదబా మోగింది. తీసేసరికి పళ్ల సారు, సగం బుడగలు ఎగిరిపోయి.

"ఆ మాట... ఆ మాట అన్నావు నువ్వు!"

"లేదు అన్నాను సారూ. కావాలంటే మళ్లీ అంటాను. ఇంతకీ నా ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా?"

మాస్కు మీది పళ్లు నవ్వుతూనే ఉన్నాయి. వాటి వెనక మనిషి తిప్పలు పడ్డాడు. "నీ కోసం... కొత్త అవకాశాలు ఎదురుచూస్తున్నాయమ్మా."

"ఒక మనిషిని పీకెయ్యడం కూడా చేతకాని బతుకు!" అని గది తాళంచెవి అతని చేతిలో పడేసి బయటికి నడిచింది.

గేటు ముందు అంతా ఖాళీ. టోపీల వాళ్లు లేరు, కొత్త జంట లేదు, ముసలాళ్లను తాత ఆటో ఎక్కించేశాడు. అక్క మాత్రం అదే పెట్టె మీద కూర్చుని ఉంది.

"అదేంటక్కా, వినలేదా? బస్సులు ఆగిపోతున్నాయని చెప్పాను కదా! లే, పద!"

"విన్నాను. నీ గొంతు నమ్మి వచ్చింది చాలు. మళ్లీ నమ్మి పరిగెత్తమంటావా?"

తేనెమ్మ బతిమాలింది, చెయ్యి పట్టి లాగింది, పిల్లల చేత చెప్పించబోయింది. అక్క కదల్లేదు. చివరికి తాత రేడియో పట్టుకొచ్చి ఆమె చెవి దగ్గర పెడితేగానీ లేవలేదు. బస్టాండుకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది, గుమ్మానికి అడ్డంగా తాడు కట్టేసి ఉంది. ఊడ్చేవాడొకడు తప్ప లోపల పురుగు లేదు.

"నిజమే చెప్పావన్నమాట" అంది అక్క తాడు వంక చూస్తూ.

"చెప్పాను."

"నాకేం తెలుసు!"

తేనెమ్మ ఉండేది మేడ మీద ఒంటిగది. ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కిటికీ. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది, పెట్టె చేతిలోంచి దించకుండా. పిల్లలు ఆమె కాళ్ల వెనక నిలబడ్డారు.

"ఎన్నాళ్లో తెలీదు. నీకు ఉద్యోగం కూడా లేదు. మేం ఇక్కడుండటం నీకు ఇష్టమేనా? ఉన్నమాట చెప్పు. ఏ బడి వరండాలోనైనా పడుకుంటాం గానీ, మళ్లీ ఆ తేనె మాటలు నాకొద్దు."

'అయ్యో, అదేం మాటక్కా, హాయిగా ఉండండి' అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. తేనెమ్మ దాన్ని పళ్ల మధ్య నొక్కిపెట్టింది.

"లేదు" అంది. "ఇష్టం లేదు. గది ఇరుకు. పిల్లలు గోల చేస్తారు. నువ్వు గురక పెడతావు, పైగా పొద్దస్తమానం నన్ను దెప్పుతావు. ఎలా వేగాలో నాకు తెలీదు." అక్క పెట్టె మీద చెయ్యి వేసింది. "కానీ మీరు ఎక్కడికీ వెళ్లొద్దు."

అక్క పెట్టె దించి, చెప్పులు విప్పి, మంచమ్మీద కూలబడింది.

"ఇదే ముక్క మొన్న చెప్పి చావొచ్చుగా" అంది. "జరుగు, పిల్లల్ని పడుకోబెట్టాలి."