తడవని రుమాలు

మధ్యాహ్నం పట్నంలో విచారణ. పైన ఉన్న విద్యుత్ కంపెనీ ఏటికి ఇంకో గొట్టం వేసి నీళ్లు లాక్కుంటానంటోంది. జలపాతం ఇప్పటికే చిక్కి సగమైందని చూపించే ఫొటో ఒక్కటి మాకు కావాలి. ఊరివాళ్లు ఆ పని మా అన్నయ్య రేషాద్‌కు అప్పజెప్పారు. ఊళ్లో ప్రతి కాఫీ కొట్టు గోడమీదా వేలాడే జలపాతం ఆయన తీసిందే మరి.

తెల్లారకముందే లోయలోకి దిగాం. ఎండ చెట్లు దాటి పైకొచ్చినా ఆయన మూడుకాళ్ల స్టాండు సర్దుతూనే ఉన్నాడు. లెన్సుకు నల్లద్దం తగిలించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అన్నయ్యా, టక్కున నొక్కేసి రా. బస్సు పోతుంది."

"వెలుగు సరిగ్గా పడనీవే. నీకన్నీ తొందరే. కాఫీ కూడా పొంగకముందే దించేస్తావు."

"నువ్విక్కడ వెలుగు కోసం కూర్చో. అక్కడ వాళ్లు సంతకాలు పెట్టేసుకుంటారు."

నిలబడలేక, కూర్చోలేక రాళ్లమీద అటూ ఇటూ తిరిగాను. చివరికి నొక్కాడు. ఆ అద్దం పెడితే కెమెరా కన్ను చాలాసేపు తెరిచే ఉంటుంది. ఆలోపు పడిన నీళ్లన్నీ ఒకదానిమీద ఒకటి పరుచుకుంటాయి. కెమెరాలో చూస్తే కొండ నిండా తెల్లటి పరదా. ఎదురుగా చూస్తే తడిబట్ట పిండినంత ధార.

"ఇది చూపిస్తే ఒక గొట్టం కాదు, రెండు వేసుకోండంటారు," అన్నాను.

"వికారంగా తియ్యడానికి చెయ్యి రావట్లేదే. ఇన్నేళ్లూ దీన్ని పెళ్లికూతురిలా చూపించాను. ఈ గతిలో నలుగురి ముందూ ఎలా పెట్టను?"

నా కోపం చల్లారింది గానీ కంగారు తగ్గలేదు.

అంతలో మాటలు వినిపించాయి. ఊరి ఆడవాళ్లు దిగి వస్తున్నారు. జుర్జెవ్‌దాన్ పండగ పొద్దున జలపాతం తుంపరలో మొహం తడుపుకుంటే ఏడాదంతా రోగం దగ్గరకు రాదంటారు. ఇవాళే ఆ పండగన్న సంగతే మర్చిపోయాను. హనీఫా పిన్ని కొత్త రుమాలు తలకు కట్టుకొని, ఏటా నిలబడే బండెక్కి, కళ్లు మూసుకొని మొహం పైకెత్తింది. మిగతావాళ్లు పక్కన చేరారు. నా చిన్నప్పుడు ఆ బండమీద తుంపరకు ఊపిరాడేది కాదు. ఇంటికెళ్లేదాకా గౌను కారుతూనే ఉండేది.

చాలాసేపు నిలబడ్డారు. ఎవరూ తడవలేదు.

"ఏమే ఆల్మాసా," కళ్లు తెరవకుండానే అడిగింది పిన్ని, "నేను మన బండమీదే ఉన్నానా?"

నేను అన్నయ్య వైపు చూశాను.

"మన బండే పిన్నీ. కదలకు," అన్నాడు అన్నయ్య.

నల్లద్దం ఊడదీసి జేబులో పడేసి, టక్కున నొక్కాడు. ఫొటోలో ధార ఎంతుందో అంతే ఉంది. దాని కింద వరసగా పైకెత్తిన పొడి మొహాలు, పిన్ని పొడి రుమాలు. అన్నయ్య దాన్ని చూసి, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"పదవే, బస్సు పోతుంది," అంటూ కెమెరా ఊడదీసి మెడలో వేసుకొని, స్టాండు అక్కడే మర్చిపోయి కొండెక్కడం మొదలుపెట్టాడు.