కత్తి దిగని కేకు

కేకు మీద క్రీము నున్నగా పూయడం పెద్దకోడలికి ఈ జన్మలో రాదని అత్తగారు తేల్చేసింది. చాటున అన్న మాట కాదు. కోడలి ఎదురుగానే, కొట్లోకి వచ్చినవాళ్ళు వింటుండగానే అంది.

అందులో అబద్ధం లేదని కోడలికీ తెలుసు. ఆ ఇంట్లో కేకులు కాల్చేది ఆమె భర్త. పూత పని అత్తగారిది. ఆ మధ్య అత్తగారి కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం మానేశాక ఆ పని కోడలి మీద పడింది. ముందు పలచగా ఒక పూత వేస్తారు. కేకు నుంచి రాలే పొడినంతా అది పట్టి ఉంచుతుంది. దాన్ని ఫ్రిజ్జులో పెట్టి, గట్టిపడ్డాక పైన మందంగా రెండో పూత వేస్తారు. మొదటిది అత్తగారు ఎడమ చేత్తోనే ఎలాగో లాగించేస్తుంది. చిక్కల్లా రెండోదానితోనే. కోడలి చేతికి బరువెక్కువ. కత్తి నొక్కేస్తుంది. కింది పూత చిరిగి, చాక్లెట్ కేకు పొడి పైకి లేచి, తెల్లటి క్రీము నిండా మచ్చలు పడతాయి.

"కత్తి కేకుని తాకకూడదు అమ్మాయ్. క్రీముని తాకాలి. రెంటికీ తేడా లేదూ?"

"ఉంది అత్తయ్యా."

"ఉంటే మరి ఈ నల్లనువ్వులు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

కోడలు తల వంచుకుని మచ్చల మీద ఒక పువ్వు పెట్టేసేది. ఆ కొట్టు నుంచి వెళ్ళే కేకుల మీద ఈమధ్య పువ్వులు ఎక్కువైపోయాయి.

ఆ రోజు మాత్రం పువ్వులకు వీల్లేదు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ రిటైరవుతోంది. సాయంత్రం అక్కడి క్యాంటీన్లో వీడ్కోలు. చాక్లెట్ కేకు, పైన తెల్ల క్రీము, పువ్వులూ అక్షరాలూ ఏమీ వద్దు, అద్దంలా ఉండాలని ఆసుపత్రివాళ్ళు చెప్పి వెళ్ళారు.

"భయపడుతూ కూర్చుంటే పూత పడదు," అని అత్తగారు చిన్నకొడుకుని కేకేసింది. "ఆ కేకు ఇలా తియ్యరా."

"ఏ అరలోదమ్మా? పైదా, కిందిదా?"

"పైది. పదిలం."

అతను చెక్కపలకతో సహా ఎత్తి తెచ్చి, తిరిగే పీట మీద పెట్టాడు.

కోడలు కత్తిని వేడినీళ్ళలో ముంచి, తుడిచి, క్రీము వేసింది. ఒక చేత్తో పీట తిప్పుతూ రెండో చేత్తో కత్తి ఆనించింది. మచ్చ రాలేదు. ఇంకోసారి తిప్పింది. రాలేదు. పక్కలు పూసింది, అంచులు దిద్దింది. చేతిబరువు ఎప్పటిలాగే ఉందని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా పొడి రేణువన్నది పైకి లేవలేదు. గట్టిగా ఊపిరి తీస్తే ఎక్కడ చెడిపోతుందోనని బిగబట్టుకుని నిలబడింది.

అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకుని కేకు చుట్టూ తిరిగింది. కిటికీ వెలుగు పడేలా వంగి చూసింది.

"ఇది నువ్వే పూశావా?"

"మీ ఎదురుగానే కదా అత్తయ్యా."

అత్తగారు మళ్ళీ వంగి చూసింది. మరిది, "వదినా, రాత్రికి రాత్రి నిన్నెవరైనా మార్చేశారా?" అన్నాడు.

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నువ్వు కూడా బండెక్కు. నీ చేతి కేకు కోస్తుంటే చూద్దువుగాని," అని అత్తగారే పిలిచింది. దారిలో మరిది, "అన్నయ్య ఈసారి బాగా కాల్చాడమ్మా. ఎత్తితే దూదిపింజలా ఉంది," అన్నాడు. అత్తగారు తృప్తిగా తలూపింది.

క్యాంటీన్లో బల్లలన్నీ గోడకు జరిపేశారు. నర్సులు, కుర్ర డాక్టర్లు, వార్డుల్లో పనిచేసేవాళ్ళు అందరూ నిలబడి ఉన్నారు. డాక్టరమ్మ పొట్టి మనిషి. నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకుంది. కేకు చూసి, "ఇంత నున్నగా నేను కుట్లు కూడా వెయ్యలేదు," అంది. కోడలి చెవులు వేడెక్కాయి.

డాక్టరమ్మ కత్తి అందుకుంది. కత్తి క్రీములోకి దిగి, అక్కడ ఆగిపోయింది. ఆమె కొంచెం నొక్కింది. కదల్లేదు. ఇంకాస్త నొక్కి రంపంలా ఆడించింది. కీచుమని చప్పుడైంది. పళ్ళు జివ్వుమనేలాంటి చప్పుడు.

డాక్టరమ్మ వంగి వేలి కణుపుతో కేకుని తట్టింది. డొల్లగా మోగింది. కత్తి బయటికి లాగితే మొనకు తెల్లటి పూసలు అంటుకుని ఉన్నాయి.

"ఇన్నేళ్ళలో ఎంతోమందిని కోశాను," అంది ఆమె నెమ్మదిగా. "లోపల థర్మాకోల్ ఉన్న పేషెంటు మాత్రం ఇదే మొదలు."

నవ్వొచ్చో కూడదో తెలియక అందరూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. కోడలు నిలువునా నీరైపోయింది. పక్కకు చూస్తే అత్తగారి ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అది కొట్టు అద్దాల వెనక ప్రదర్శనకు పెట్టే బొమ్మ కేకు. పొద్దున మిగిలిన క్రీము దానికీ పూసి, గట్టిపడాలని ఫ్రిజ్జులో పెట్టారు. అదే సైజు, అదే చెక్కపలక, అదే తెల్లదనం.

సిగ్గు కన్నా ముందు కోడలికి తగిలింది ఇంకో సంగతి. మచ్చ ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. థర్మాకోల్లోంచి కేకు పొడి ఎలా వస్తుంది? అయితే ఆ పని తనకు రానే లేదు. మధ్యాహ్నం నుంచీ మోసుకు తిరిగిన సంతోషమంతా డొల్లే.

ఒక కుర్ర డాక్టరు, "ఎవరమ్మా ఇది చేసింది?" అన్నాడు. కోడలు ముందుకు రాబోయింది. అత్తగారు ఎడమ చేత్తో ఆమెను ఆపింది.

"తప్పు పిల్లది కాదండీ. కింది అరలోది తియ్యమనబోయి పైది అన్నాను. నా పొరపాటు."

కోడలు చటుక్కున తిరిగి చూసింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి అత్తగారి నోట ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు. మరిది కూడా తల్లి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"అసలు కేకు కొట్లో ఉంది," అంది కోడలు. ఆ గొంతు తనదేనా అనిపించింది. "మా మరిది తెస్తాడు. ఇక్కడే, మీ ముందే పూసిస్తాను."

మరిది పరుగెత్తాడు. కేకూ క్రీమూ పీటా కత్తీ వచ్చాయి. జనం చుట్టూ మూగారు. ఇప్పుడు నున్నగా రాదని ఆమెకు ఖాయంగా తెలుసు. అయినా కత్తి పట్టుకుంది. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.

"చెయ్యి వణుకుతోంది."

"అవును మేడమ్. పైగా నొక్కేస్తాను. పొడి లేస్తుంది."

"నాకూ మొదట్లో వణికేది. ఇక్కడైతే నొక్కితే పొడి లేస్తుంది, అక్కడ ఏం లేస్తుందో చెప్తే మీరెవరూ కేకు తినరు. మోచెయ్యి బల్లకి ఆనించు. నీ బరువు బల్ల మోస్తుంది. కత్తికి వేళ్ళు చాలు."

కోడలు మోచెయ్యి ఆనించింది. పీట తిప్పింది. కత్తి తేలికగా జారింది, గాజు మీద జారినట్టు. మచ్చ రాలేదు. తనకే నమ్మకం కలగక వంగి చూసింది. నిజంగానే రాలేదు. కత్తికి మిగిలిన క్రీముని వేరే గిన్నెలోకి గీకి, తుడిచి, మళ్ళీ తీసుకుంది. చివరి పక్కకి వచ్చేసరికి తొందరపడింది. కింది పూత గీరుకుని నాలుగైదు చుక్కలు లేచాయి. దిద్దబోతే డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ. లోపల కేకుందని జనానికి ధైర్యంగా ఉంటుంది."

అప్పుడు నవ్వారు అందరూ. ఈసారి కత్తి చప్పుడు లేకుండా అడుగుదాకా దిగింది. చుక్కలున్న ముక్క డాక్టరమ్మే తీసుకుంది. వెళ్ళేటప్పుడు బొమ్మ కేకుని కూడా అడిగి పట్టుకుపోయింది, ఇంట్లో పెట్టుకుంటానని.

తిరుగు ప్రయాణంలో బండి గతుకుల మీద కుదుపుతోంది. అత్తగారు, "మోచెయ్యి ఆనించమని నేనెప్పుడూ చెప్పలేదు కదూ," అంది.

"లేదు అత్తయ్యా."

"చెప్పడానికి నాకే తెలీదు. నాకు చెయ్యి ఊరికే కుదిరిపోయింది. నీకెందుకు కుదరదో అర్థం కాక కేకలేసేదాన్ని."

కోడలు అత్తగారి నొప్పి భుజం కుదుపులకు కదలకుండా తన చెయ్యి అడ్డం పెట్టి, రోడ్డు చూస్తూ కూర్చుంది.