తారి కట్టిన దారాలు

చాందీది నెల్లికుదురు దగ్గర తండా. ఎంటెక్ చివర్లో చేయాల్సిన ప్రాజెక్టుకు మిర్చి ఆరబెట్టే డ్రయ్యర్‌ను ఎంచుకుంది. అకాల వానలకు వాళ్ళ కల్లంలో మిర్చి రెండేళ్ళు వరసగా బూజు పట్టింది మరి.

డ్రయ్యర్ అంటే మంచమంత పొడవున్న రేకు పెట్టె. వెనక వేడి గాలి తోసే పంకా, లోపల కుడి ఎడమల జాలీ అరలు, ముందు చెరొక కిటికీ. కట్టేముందు లోపల గాలి ఎలా పారుతుందో చాందీ కంప్యూటర్‌లో లెక్కగట్టింది. మొత్తం పెట్టె లెక్కిస్తే పాత లాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతోంది. అందుకని పెట్టెను నిలువునా రెండుగా అనుకొని, ఒక్క సగమే లెక్క చేసింది.

"మరి ఇంకో సగం?" అడిగింది తల్లి తారి.

"నడుమ అద్దం ఉన్నదనుకోవాలె యాడీ. సిమెట్రీ అంటరు. నడిమి గీత దాటి గాలి అటు పోదు, ఇటు రాదు. ఈ దిక్కు ఎట్లుంటే ఆ దిక్కు గట్లనే."

తారి మధ్యాహ్నం కూతురి పళ్ళెంలో సగం రొట్టె పెట్టింది.

"ఇంకో సగమేది?"

"గిది ఎట్లుందో గది గట్లనే ఉంటది. అనుకొని తిను."

చాందీ మూతి ముడుచుకుంది. తారి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, మిగతా రొట్టె తెచ్చింది.

పెట్టె తయారయ్యాక చూడటానికి గైడు విద్యాసాగర్ సారు వస్తానన్నారు. ఆయనను తీసుకురావడానికి చాందీ పొద్దున్నే జనగామ వెళ్ళింది. ఆ సందులో తారి రెండు రోజులు ఎండలో వాడిన మిర్చిని రెండు వైపులా పోసి పంకా వేసింది. మధ్యాహ్నం తీసి చూస్తే కుడివైపు కాయ గలగలలాడింది. ఎడమ కాయ మెత్తగా వంగింది.

తారి ఎవరికీ చెప్పలేదు. కుట్టుపని దారాలు తెచ్చి, పెట్టె లోపల పైన నడిమి గీత వెంబడి వరసగా వేలాడేలా కట్టింది. సారు కోసం కుర్చీ తెచ్చి, సరిగ్గా కుడి కిటికీ ముందు వేసింది.

సారు కూర్చున్నారు. పంకా తిరిగింది. చాందీ ఎడమవైపు నిలబడి, "రెండు దిక్కులా గాలి సమానంగా..." అంటుండగానే సారు తుమ్మారు. వరసగా ఏడు తుమ్ములు! చాందీకి మాత్రం ముక్కు కూడా దురద పెట్టలేదు.

"దుమ్మా సార్?"

"దుమ్ము కాదమ్మా, మీ మిర్చి!"

"జర ఎడమ దిక్కు కూసోండ్రి సార్. గాడ గాలి గంత రాదు," అంది తారి, ఏమీ ఎరగనట్టు.

చాందీ పెట్టె తలుపు తెరిచి తొంగి చూసింది. దారాలన్నీ కుడివైపుకే వాలి ఊగుతున్నాయి.

"గీత దాటదంటివి కదనే. దారాలకు నీ మాట ఇనబడలే కావచ్చు."

చాందీ చెవులు వేడెక్కాయి. దారాలు వంకరగా కట్టావని తల్లిమీద విరుచుకుపడాలనిపించింది. అంతలో చూపు పంకా మీద పడింది. అది ఒకే దిక్కుకు తిరుగుతోంది. అద్దంలో అయితే ఎదురు దిక్కుకు తిరగాలి. ఆమె లెక్కలో గాలి తిన్నగా ముందుకు దూసుకుపోతోందే తప్ప, సుడి లేనే లేదు.

"సార్, పెట్టె రెండు దిక్కులా ఒక్కతీరుగనే ఉన్నది. పంకా అట్ల లేదు. సగం లెక్క ఈడ చెల్లదు. నేనే తప్పు చేసిన."

సారు కళ్ళు తుడుచుకున్నారు. "తప్పు దొరికింది కదా! కాలేజీ కంప్యూటర్ మీద పంకా సుడితో సహా మొత్తం పెట్టె లెక్క చెయ్యి."

చాందీ అలాగే చేసింది. ఈసారి తెర మీద కూడా గాలి కుడికే ఒరిగింది. పంకా ముందు రేకు ముక్కలను గళ్ళు గళ్ళుగా బిగించి సుడిని ఆపింది. దారాలు తిన్నగా నిలిచాయి. రెండు వైపుల మిర్చీ ఒకేసారి ఎండింది. తండావాళ్ళు తమ కాయలు కూడా మోసుకొచ్చారు.

రిపోర్టులో చాందీ దారాల ఫోటో పెట్టి, కింద 'పరీక్షించినవారు: తారి' అని రాసింది. తల్లికి చూపించింది.

"గిదేంది, నా చెయ్యే పడ్డది! మొఖమేది?"

తారి వెండి నగలన్నీ పెట్టుకుని, పెట్టె పక్కన నిలబడి మళ్ళీ ఫోటో దిగేదాకా ఒప్పుకోలేదు. రిపోర్టు కాలేజీకి ఒకరోజు ఆలస్యంగా చేరింది.