గుప్పెడు దాణా

ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి. తర్వాతి దెబ్బ రాలేదు. గుర్రాన్ని సాకే సైసు వేళ్ళు తీయకుండా అలాగే ఆగాడు. గుర్రం దవడ కింద లోపలివైపు తాడులా తగిలే నాడి మీద అతని రెండు వేళ్ళున్నాయి, గడియారం పెట్టుకున్న చెయ్యి కంటికెదురుగా ఉంది. వచ్చింది, ముప్పై రెండు. వెంటనే ఇంకొకటి తప్పింది.

పందెపు గుర్రాల గుండె తీరిగ్గా ఉన్నప్పుడు అప్పుడప్పుడూ ఒక దెబ్బ ఎగ్గొట్టడం వింతేమీ కాదని అతనికి తెలుసు. మూడు కొట్టి ఒకటి, మళ్ళీ మూడు కొట్టి ఒకటి, అలా వరసగా తప్పితే భయం లేదు. ఇవాళ అమ్మడికి ఆ వరస లేదు. ఏడు కొట్టి తప్పింది, రెండు కొట్టి తప్పింది, ఆ తర్వాత రెండు దెబ్బలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. మధ్యాహ్నం మూడింటికి దానికి పందెం ఉంది.

కాగితాల్లో దానికి నోరు తిరగని పేరేదో ఉంది గాని, సైసుకు అది అమ్మడే. ఎర్రటి ఒళ్ళు, ముక్కు మీద సున్నపు వేలితో గీసినట్టు తెల్లటి చార. రెండేళ్ళ పిల్లగా లాయానికి వచ్చినప్పట్నుంచీ అతని చేతిలోనే పెరిగింది. నీళ్ళు తాగి తడిమూతి అతని చొక్కాకే తుడుచుకుంటుంది. కట్టుకున్నదాన్ని, నాకైనా అంత చనువు లేదని లాయం వెనక గదిలో అతని భార్య చొక్కాలు ఉతికినప్పుడల్లా సణుగుతుంది.

అతను వెళ్ళి ట్రైనరుకు సంగతి చెప్పాడు. పెద్దాయన మంచివాడే, కసరలేదు. కాని మీసం చాటున నవ్వాడు. ఆ నవ్వుకు కారణముంది. నిరుడు ఇలాగే ఒక నల్లగుర్రం నాడి బాగాలేదని సైసు పట్టుబట్టి పందెం మాన్పించాడు. తీరా పరీక్షలన్నీ చేయిస్తే దానిది రాయిలాంటి గుండె అని తేలింది. అప్పట్నుంచి లాయంలో అతని పేరు గుండె డాక్టరు. జలుబు చేసినవాడు కూడా చెయ్యి చాపి, కాస్త చూడండి డాక్టరుగారూ అంటాడు. యాభై ఆరేళ్ళ మనిషి, పైకి నవ్వేవాడు గాని లోపల చచ్చేంత సిగ్గుపడేవాడు.

అయినా కీడెంచి మేలెంచమన్నారు కదా అని ట్రైనరు గుర్రాల డాక్టరమ్మకు కబురు పెట్టాడు. ఆమె వచ్చి అమ్మడి ముంగాలి వెనక గొట్టం ఆనించి రెండు పక్కలా చాలాసేపు విన్నది. తర్వాత అమ్మడిని నాలుగు చుట్లు పరుగెత్తించి మళ్ళీ విన్నది. ఈసారి గుండె గడియారంలా కొట్టుకుంది. సైసు కూడా వేళ్ళు పెట్టి చూశాడు. ఒక్కటీ తప్పలేదు.

"పరుగెత్తిస్తే సర్దుకుంటోంది బాబాయ్. అలా సర్దుకునేవాటితో మామూలుగా ప్రమాదం ఉండదు."

మామూలుగా అన్న మాట దగ్గరే అతను ఆగిపోయాడు. "మామూలుగా కాకపోతే?"

"అది తేల్చే మిషను ఇక్కడ లేదు. వచ్చే వారం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి గుండెకు ఈసీజీ తీయిద్దాం. ఇవాళ ఆపమనాలంటే నాకు ఏదో ఒకటి కనబడాలి కదా."

ఆమె మాటలో తప్పు లేదు. తప్పు లేనందుకే అతనికి దిగులు రెట్టింపయింది.

ఇక మిగిలింది బకెట్టు. ఆ లాయంలో పాత కట్టుబాటు ఒకటుంది. పందెం రోజు పొద్దుటి మేత అయ్యాక సైసు బకెట్టు తెచ్చి ట్రైనరుకు చూపించాలి. అడుగున దాణా మిగిలిందంటే మారుమాట లేదు, ఆ గుర్రం ఆ రోజు పరుగెత్తదు. డాక్టరు ఏమన్నా సరే, యజమాని ఎంత మొత్తుకున్నా సరే.

అమ్మడు బకెట్టు అద్దంలా నాకేసింది. సైసు దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. పక్కనే దాణా డబ్బా ఉంది, చుట్టుపక్కల మనిషి లేడు. ఒక గుప్పెడు తీసి అడుగున వేశాడు. ఎంగిలిలా కనబడాలని కాసిని నీళ్ళు చిలకరించి వేళ్ళతో కలిపాడు. గుమ్మం దాకా నడిచాడు కూడా.

గుమ్మంలో అతనికి మేనమామ గుర్తొచ్చాడు. పదిహేనేళ్ళప్పుడు ఈ పనిలో పెట్టినవాడు ఆయనే. నోరులేనిదాని మాట నువ్వు చెప్పాలిరా, అందులో నీ మాట మాత్రం కలపకు అనేవాడు. నలభై ఏళ్ళలో అతని బకెట్టు ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు. పేరూ ఊరూ లేని బతుకులో అతను మిగుల్చుకున్న గొప్ప అదొక్కటే. ఇంకోసారి నవ్వులపాలు కావడానికి మనసు ఒప్పలేదేమో కూడా. మేనమామ మాట ఆపిందో, ఆ సిగ్గే ఆపిందో అతనికే తెలియదు. వెనక్కి వచ్చి ఆ తడి దాణా అంతా గీకి పారేసి, బకెట్టు తుడిచి పట్టుకెళ్ళాడు.

"నీ బకెట్టు చూశాక నాకింక ఏ కాగితమూ అక్కర్లేదు," అన్నాడు ట్రైనరు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాడు గాని రెండు ముద్దలు దిగలేదు. భార్య కంచం వైపు చూసి, "సగానికి సగం మిగిల్చావు. నీ బకెట్టు ఎవరికి చూపించాలి నేను?" అంది. అతను లేచి వెళ్ళి అమ్మడికి సాయంత్రం మేత ముందుగానే కలిపాడు. పందెం నుంచి ఆకలితో వస్తుందని రెండు క్యారెట్లు ఎక్కువే తరిగి వేసి, ఈగలు వాలకుండా తడిగుడ్డ కప్పి కొక్కేనికి తగిలించాడు.

పందెం మొదలయ్యాక అందరూ ఎవరు ముందున్నారా అని చూస్తుంటే అతను అమ్మడి డొక్కలనే చూస్తూ నిలబడ్డాడు. అది రెండోదిగా వచ్చింది. దూరంగా వెళ్ళి నెమ్మదించి, తల ఊపుకుంటూ తిరిగొచ్చింది. అప్పుడు గాని అతను ఊపిరి పీల్చుకోలేదు. జాకీ దిగి జీను తీసుకుని వెళ్ళాడు. సైసు తలతాడు తగిలించి, దుప్పటి కప్పి, అలవాటుగా దవడ కింద వేళ్ళు పెట్టాడు. నాడి తొందరగా కొట్టుకుంటోంది, పరుగు తర్వాత అంతే మరి. అది తడిమూతి తెచ్చి అతని చొక్కాకు ఆనించింది. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. ఒకటి తప్పింది. వస్తుందిలే అని ఆగాడు. ఇంకా ఆగాడు. భుజం మీద బరువు పెరిగింది. ముంగాళ్ళు మడుచుకుని, పడుకోబోతున్నట్టే అది మెల్లగా నేలకు దిగింది. అతనూ దాంతోపాటే దిగాడు, వేళ్ళు తీయలేదు.

డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి, చేయగలిగిందంతా చేసి, చివరికి అతని చేతిని తనే తీసింది. కోసి చూసినా ఏమీ కనబడకపోవచ్చనీ, చాలా గుర్రాల్లో అంతేననీ చెప్పింది. ట్రైనరు టోపీ తీసి నిలబడ్డాడు. పొద్దున నువ్వు చెప్పావు, నేనే వినలేదన్నాడు.

"పొద్దున బకెట్లో గుప్పెడు దాణా వేశానయ్యా. మళ్ళీ తీసేశాను," అన్నాడు సైసు.

పెద్దాయనకు అర్థమైంది. టోపీ అంచు తడుముకుంటూ ఉండిపోయాడు.

ఎండ తగ్గాక సైసు తలతాడు పట్టుకుని ఒక్కడే లాయానికి వచ్చాడు. భార్య ఎదురొచ్చి అతని చొక్కా మీద ఆరిన తడిమరక చూసి, దగ్గరగా నిలబడింది. ఇద్దరూ గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేదు. లోపల కొక్కేనికి వేలాడుతున్న బకెట్టు మీద గుడ్డ ఇంకా తడిగానే ఉంది, కింద నిండుగా దాణా అలాగే ఉంది.