వెనుక వాటా, ముందు గుమ్మం

కలకత్తా భవానీపూర్‌లో పాత ఇళ్లు కట్టించిన పెద్దమనుషులారా, తప్పు మీది. మీరు నడవడానికి ముందు గుమ్మం పెట్టుకున్నారు. మీ పాయిఖానా ఎత్తడానికి వచ్చే మనిషికి ఇంటి వెనక ఇనుప మెట్లు మెలికలు తిప్పి వేలాడదీశారు. పని జరగాలి, మనిషి మాత్రం ఎదురుపడకూడదు. మీరు పోయారు, ఫ్లష్షులు వచ్చాయి, మెట్లు తుప్పు పట్టాయి. అయినా ఆ మెట్లు అప్పమ్మ కాళ్లను పట్టుకునే ఉన్నాయి. లేకపోతే ఇల్లు కొనబోయే మనిషి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, వెనక సందులో గంటసేపు నిలబడుతుందా?

అప్పమ్మ పదిహేడేళ్లకు విజయనగరం వైపు నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చింది. వచ్చిన నాలుగో రోజే అత్త ఆమె చేతికి బకెట్టు ఇచ్చింది. మొదట ఎక్కిన మెట్లు అణిమా బౌదీ, అంటే అణిమా వదిన, ఇంటివి. అణిమా కూడా అప్పుడు కొత్త కోడలే. పైనుంచి నీళ్లు పొయ్యమంటే సగం అప్పమ్మ నెత్తిన పోసేది. వాళ్ల స్నేహం అలా తిట్లతో మొదలైంది. తర్వాత పాయిఖానాలు మారిపోయి, అప్పమ్మ చేతికి కార్పొరేషన్ చీపురు వచ్చింది. సందు మాత్రం అదే. నలభై ఏళ్లుగా ఒకరు పై వరండాలోనూ ఒకరు కింద సందులోనూ నిలబడి మాట్లాడుకున్నారు. పురుళ్లు, మోకాళ్ల నొప్పులు, మొగుళ్ల చావులు, ఇలిష చేప ధర, అన్నీ గొంతు చించుకునే చెప్పుకున్నారు కాబట్టి వాళ్ల రహస్యాలన్నీ సందుకంతా తెలుసు. అప్పమ్మ మాట్లాడేది బెంగాలీయే అయినా అందులో విజయనగరమే వినబడుతుంది. అణిమాకు ఆ బెంగాలీయే అలవాటు.

అప్పమ్మ రిటైరయ్యే వారంలో అణిమా వరండా మీదికి వంగి, ఉల్లిపాయలు కావాలా అన్నంత మామూలుగా, తన ఇల్లు కొంటావా అని అడిగింది.

"నీ ఇల్లు కొనీడానికి నానేటి జమీందార్నా బౌదీ?" అంటూ అప్పమ్మ ఊడుస్తూనే ఉంది.

ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. క్వార్టర్ మూడు నెలల్లో ఖాళీ చెయ్యమని కాగితం వచ్చేసింది. మూడు తరాలు పుట్టి పెరిగిన గది. దాని మీద వాళ్లకున్న హక్కు, ఉద్యోగం ఉన్నన్నాళ్లే. తెల్లారి మళ్లీ సందులోకి వెళ్లి, నిజంగానే అడిగావా అని అణిమాను అడిగింది.

నిజమేనంది అణిమా. మోకాళ్లు మెట్లెక్కనంటున్నాయి. సాల్ట్ లేక్‌లో చెల్లెలి ఇంట్లో కింది గది ఖాళీగా ఉంది, అక్కడికి పోతుంది. మామగారు ఇంటిని పంచినప్పుడు ఆమెకు వచ్చింది వెనుక వాటా. పైన రెండు గదులు, వంటిల్లు, వరండా. ముందు వాటా మరిది కొడుకు సుబీర్‌ది. బ్రోకర్లు తెచ్చినవాళ్లు ఇంటిని చూడలేదు, కూలగొడితే ఎన్ని ఫ్లాట్లు వస్తాయో లెక్క వేశారు. వాళ్లతో విసిగిపోయి, అమ్మితే తనే అమ్ముతాను, తెలిసిన మనిషికే అమ్ముతాను అని కూర్చుంది. అప్పమ్మ కొడుకు ప్రదీప్‌కుమార్ లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. తల్లి రిటైర్మెంటు డబ్బుకు అతని లోను కలిపితే ధర అందింది. బయానా కూడా ఇచ్చేశారు. ఇక ఇంటిని లోపల చూడటం, కాగితం రాయించుకోవడం మిగిలాయి.

ఆదివారం పదింటికి రమ్మంది అణిమా. ముందు గుమ్మం అరుగు మీద కుర్చీ వేసుకుని, ఒళ్లో సందేశ్ మిఠాయి పళ్లెం పెట్టుకుని కూర్చుంది. పది దాటింది, పదిన్నర దాటింది. సుబీర్ గుమ్మంలోంచి తొంగి చూసి, ఆ జనం మాట మీద నిలబడే రకం కాదని తను ముందే చెప్పానన్నాడు. పదకొండుకు అణిమాకు కోపం వచ్చింది. మోకాళ్లు పట్టుకుని పైకెక్కి వెనక వరండా తలుపు మూద్దామని వెళితే, కింద ఇనుప మెట్ల దగ్గర అప్పమ్మ. చెమటకు చీర ఒంటికి అంటుకుపోయి ఉంది.

"అక్కడేం చేస్తున్నావే?"

"నీ కోసరమే సూస్తన్నాను. పదింటికి రమ్మన్నావు కదేటి."

"ముందు గుమ్మంలో మిఠాయి పట్టుకుని గంట కూర్చున్నానే, మొద్దు మొహమా!"

ఆ ఇంటికి ముందు గుమ్మం ఉందని అప్పమ్మకు తెలియక కాదు. అది తనక్కూడా అని తోచలేదు, అంతే. సందు చుట్టూ తిరిగి ముందుకు వచ్చింది. అణిమా తిడుతూనే సందేశ్ ఒకటి నోట్లో కుక్కింది. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక అప్పమ్మ వాటిని చేత్తో పట్టుకుని నడవలో నడిచింది.

ఆ ఇల్లు చూపించిన తీరే వేరు. అమ్మే మనిషి లోపాలు దాచాలి, కొనే మనిషి వెతకాలి. ఇక్కడ అణిమా తనే మొదలుపెట్టింది. ఈ కిటికీ మూసుకోదు, ఆ మూల వానకు చెమ్మ దిగుతుంది, పావురాలు ఎంత తరిమినా పోవు. అప్పమ్మ అన్నీ విని, వంటింటి తూముకు వెనక గొట్టం పగిలి పదకొండేళ్లయిందనీ, ఏటా వానాకాలంలో తనే పుల్ల పెట్టి పొడిచి నీళ్లు పోయేలా చేస్తోందనీ చెప్పింది. తన ఇంటి సంగతి తనకే తెలియనందుకు అణిమా మూతి ముడుచుకుంది. గదుల్లో తిరుగుతూ అప్పమ్మ గోడలను వేళ్లతో తాకి చూసింది. ఇన్నేళ్లూ ఈ ఇంటిని చప్పుళ్లతో, వాసనలతో మాత్రమే ఎరుగును. పోపు వాసన వచ్చే గది ఇదన్నమాట. అణిమా మొగుడు దగ్గిన గది అదన్నమాట.

సుబీర్ ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. అప్పమ్మ వెళ్లేటప్పుడు అతను నవ్వుతూ, మీరు సరైన దారినే వచ్చారు, వెనుక వాటాకు వెనుక దారే కదా అన్నాడు. అప్పమ్మ కూడా నవ్వేసింది. పెద్దమనిషి ఏదో సరదాగా అన్నాడనుకుంది.

రిజిస్ట్రేషన్ రోజున వకీలు గదిలో అందరూ చేరారు. బల్ల మీద పది వేళ్ల ముద్రలకు సిరా దిమ్మ, సంతకాలకు కాగితాలు. సుబీర్ కుదిర్చగా దస్తావేజు రాసిన ముహురీ కళ్లజోడు సర్దుకుని సంతకం చోటు చూపించాడు. ప్రదీప్‌కుమార్ పెన్ను మూత తీసి తల్లికి ఇచ్చాడు. అప్పమ్మ తీసుకోలేదు. తను చదవలేని కాగితం కాబట్టి మొత్తం పైకి చదవమంది. పద్నాలుగు పేజీలమ్మా అన్నాడు ముహురీ. చదవమంది మళ్లీ.

కొలతలయ్యాయి, హద్దులయ్యాయి. ఆపైన వచ్చింది ఆ వాక్యం. ఈ వాటాకు రాకపోకలు వెనుక సందులోని ఇనుప మెట్ల ద్వారా.

అణిమా చేత్తో ఆపింది. మామగారి పంపకాల దస్తావేజులో ముందు గుమ్మం, నడవ, మెట్లు అన్ని వాటాలకూ ఉమ్మడి అని ఉంది కదా, అది ఏమైందని అడిగింది. ముహురీ సుబీర్ వైపు చూశాడు.

"జేఠిమా, నేను కొత్తగా కనిపెట్టిందేముంది? ఇల్లు చూడటానికి ఆవిడే వెనకనుంచి వచ్చింది. అలవాటైన దారే చెప్పాను," అన్నాడు సుబీర్ పెద్దమ్మతో.

అప్పమ్మ మొహం కాలిపోయింది. తన పొరపాటును వీడు సాక్ష్యంగా రాయించాడు. ఆ కాగితం మీద వేలిముద్రలు వేస్తే రేపు కోడలు పుష్పరాణి నీళ్ల బిందెతో ఆ తుప్పు మెట్లే ఎక్కాలి, మనవలు అవే ఎక్కాలి. ఇల్లు వాళ్లదే అవుతుంది, వాళ్లు మాత్రం పాత పనివాళ్లే అవుతారు.

ప్రదీప్‌కుమార్ చెవి దగ్గర గొణిగాడు. "అమ్మా, పెట్టీయే. ఇల్లొచ్చేక దారి సంగతి సూసుకుందాం. క్వార్టర్‌కి పది రోజులే ఉంది."

పది రోజుల సంగతి ఆమెకూ తెలుసు. ఇది పోతే సామాన్లు ఎక్కడ దించాలో ఆమెకూ తెలియదు. అయినా చేతులు ఒళ్లోనే ఉంచుకుంది.

అణిమా కుర్చీలోంచి లేచింది. లేవడానికి అప్పమ్మ భుజమే పట్టుకుంది.

"నలభై ఏళ్లు నేను నడిచిన దారి ముందు గుమ్మం. నాకున్నదంతా దీనికి అమ్ముతున్నాను, గుమ్మంతో సహా. ఆ వాక్యం ఉంటే నేనూ సంతకం పెట్టను. ఈ జన్మకు సాల్ట్ లేక్ వెళ్లను, నీ నెత్తి మీదే కూర్చుంటాను సుబీర్."

ఆ మాటలోని ప్రమాదం తలకెక్కి సుబీర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ముహురీ మాత్రం మళ్లీ టైపు చెయ్యాలంటే ఇవాళ కాదు, వచ్చే వారం చూద్దాం అని కాగితాలు సర్దబోయాడు.

అప్పమ్మ ఆ కాగితాల మీద అరచెయ్యి ఆనించింది.

"వచ్చే వారం లేదు దాదా. ఆ ముక్క కొట్టీండి. ముందు గుమ్మం, నడవ, లోపలి మెట్లు నావి, నా కొడుకువి, కోడలివి, మా ఇంటికొచ్చే పెతీ మనిషివీనని రాయండి. ఇప్పుడే రాయండి. రాసి, నాకు సదివి ఇనిపించండి. అప్పుడు పది వేళ్లూ ఇస్తాను."